రెండు పూతల మందు

పుస్తకానికి అట్ట కట్టేవాడు పుస్తకం పేరు చదవడు. పేరు చదివేది కొనుక్కునేవాడు. కట్టేవాడి చూపంతా పేజీ అడుగున చీమ తలకాయంత అచ్చులో ఉండే అంకె మీదే ఉంటుంది. అది ఎన్నో ఫారమో చెబుతుంది. పదహారు పేజీలు ఒక మడతలో ఇమిడిన కట్టను ఫారం అంటారు. ఒకటో ఫారం, రెండో ఫారం, మూడో ఫారం, ఇలా వరస తప్పకుండా పేర్చి, దారంతో కుట్టి, వెన్నుకు బంక పూసి, పైన అట్ట వేస్తే అది పుస్తకం. ఈ పనిలో ముప్ఫై నాలుగేళ్ళుగా ఉన్న మనిషి, తన కడుపులోకి పోయే వాటి దగ్గరికి వచ్చేసరికి పెద్దచ్చు మాత్రమే చూసి ఊరుకున్నాడు. అది చదువుకున్నవాళ్ళు చేసే తప్పు. చేసినవాడు మాత్రం ఐదో తరగతితో బడి మానేసినవాడు.

ఆయన్ని అందరూ బంకయ్య అంటారు. చేతులకు ఎప్పుడూ బంక ఉంటుందని కొందరు, ఒకచోట కూర్చుంటే ఊడి రాడని కొందరు. రెండూ నిజమే. పెద్ద గ్రంథాలయం భవనంలో పంతొమ్మిది మెట్లు దిగితే బైండింగు గది. రెండు పొడవాటి బల్లలు, ఒక ఇనుప నొక్కుడు యంత్రం, పైన కప్పుకు దగ్గరగా ఒక కిటికీ. ఆ కిటికీలోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. బంకయ్య మనుషుల్ని చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేవాడు. కిటికీ కింద వెలుగు పడేచోట ఆయన కుట్టుచట్రం. నిలువుగా రెండు కర్రలు, పైన అడ్డకర్ర, మధ్యలో బిగించి కట్టిన తాళ్ళు. ఆ తాళ్ళకు ఆనించి ఒక్కో ఫారాన్నీ కుట్టుకుంటూ పోవాలి. ఆ చట్రం ముందు ఆయన తప్ప ఇంకొకరు కూర్చోలేదు. కూర్చోనివ్వలేదు.

ఆ గదిలో రెండో మనిషి ఆయన బావమరిది, భార్యకు తమ్ముడు. ఆరడుగుల పైన రెండంగుళాలు, ఎక్కడా వంపు లేదు. అందుకని కొలబద్ద అన్నారు. కాగితం కోయడం, యంత్రం బిగించడం, కట్టలు మోయడం అతని పని. నోరు మూసుకోవడం మాత్రం ఎవరి పనీ కాదన్నట్టు ఉండేవాడు.

ఏడాదిగా బంకయ్యకు బొటనవేళ్ళ మొదట్లో నొప్పి. పొద్దున లేచేసరికి వేళ్ళు విచ్చుకునేవి కావు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి, భార్య పనులన్నీ అయ్యే దాకా ఎదురుచూడాలి. డాక్టరమ్మ చూసి కీళ్ళు అరిగాయంది. పసుపు రంగు మాత్ర రాసింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండూ తిన్న తర్వాతే, పది రోజులు వాడి మళ్ళీ రండి అంది. మాత్ర పనిచేసింది. పనిచేసిన మందు గురించి మళ్ళీ వెళ్ళి చెప్పాల్సిన పనేముంది అనుకున్నాడు. పది రోజుల చీటీ మీద నాలుగు నెలలు లాగించాడు. మందుల షాపులో కుర్రవాళ్ళు చీటీ మీద తేదీ ఎందుకు చూస్తారు.

అలా సాగుతుండగా ఒకరోజు పై అంతస్తు మేడమ్ మెట్లు దిగి వచ్చింది. గ్రంథాలయం మొత్తానికి ఆవిడే పెద్ద.

"చేతులు ఇబ్బంది పెడుతున్నాయటగా. పైన కౌంటర్లో కుర్చీ ఒకటి ఖాళీ అవుతోంది. పుస్తకం ఇవ్వడం, తేదీ ముద్ర వేయడం, అంతే. ఈ కుట్టు పని బయట మిషన్ల వాళ్ళకు ఇచ్చేద్దాం. నెలాఖరులోగా ఏ మాటో చెప్పండి."

ఆవిడ మంచికే అంది. ఇంకొకరైతే ఆ మాటకు పొంగిపోయేవారు. బంకయ్యకు మాత్రం తన చట్రాన్ని ఎవరో పట్టుకుపోవడానికి తాడుతో కొలుస్తున్నట్టు అనిపించింది.

"చేతులకేం మేడమ్, బాగానే ఉన్నాయి," అన్నాడు చేతులు జేబుల్లో పెట్టుకుని.

నెలాఖరు దాకా వేళ్ళు ఆడితే చట్రం ఉంటుంది. ఆడకపోతే కుర్చీ. ఆ రోజు నుంచి ఆయనకు అదొక్కటే లెక్క.

పసుపు మాత్ర సరిపోవడం లేదనిపించింది. ఇక్కడే ఆయన పని ఆయన్ని పెడదారి పట్టించింది. వెన్నుకు బంక ఒకేసారి మందంగా పూస్తే పట్టదు. ముందు పల్చగా ఒక పూత, అది ఆరాక చిక్కగా రెండో పూత, అప్పుడు కదలదు. పైగా కాగితం పొడిగా, మీద ఏమీ లేకుండా ఉంటేనే బంక లోపలికి ఇంకుతుంది. మందు కూడా అంతేనని ఆయనకు ఆయనే తీర్మానించుకున్నాడు. కడుపులో ఏమీ లేనప్పుడు వేస్తే బాగా పడుతుంది. తిన్న తర్వాత వేసేది తడి కాగితం మీద బంకలాంటిది. అందుకని తెల్లారగానే మంచినీళ్ళతో పసుపు మాత్ర, మొదటి పూత. పది గంటలకు టీతో రెండో పూత.

ఆ రెండో పూత కొలబద్ద పెట్టిన చలవ. వేసవిలో కట్టలు ఎత్తుతూ భుజం పట్టుకుంటే వేరే ఆస్పత్రిలో అతనికి గులాబీ రంగు మాత్రలు ఇచ్చారు. రెండు వేసుకునేసరికి తగ్గిపోయింది. మిగిలిన ఎనిమిదీ తెచ్చి బావ చేతిలో పెట్టాడు.

"పారేయడమెందుకు బావా. పులిలాంటి మందు. నా భుజం నొప్పి రాత్రికి రాత్రి దిగిపోయింది."

"నీ భుజం ఎత్తు మీద ఉంది కదరా, అంత పైదాకా ఎక్కిన మందు నా వేళ్ళదాకా దిగడం ఎంత," అన్నాడు బంకయ్య.

ఎనిమిదీ అయిపోయాక ఖాళీ అట్ట చూపించి ఇంకో పది కొనుక్కున్నాడు. పసుపు వేరు, గులాబీ వేరు. పేర్లు వేరు. కాబట్టి మందులూ వేరు.

మూడు వారాలు వేళ్ళు కుర్రవాడి వేళ్ళలా ఆడాయి. కడుపులో మంట మొదలైతే అది టీ వల్ల అనుకుని టీ మార్చాడు. ఒకరోజు పొద్దున దొడ్లో చూస్తే విరేచనం నల్లగా, తారులా ఉంది. చూసి, నీళ్ళు కొట్టి, ఎవరికీ చెప్పకుండా వచ్చేశాడు. మూడు రోజులు అలాగే అయ్యింది. నాలుగో రోజు పంతొమ్మిది మెట్లలో పదకొండో దాని మీద కళ్ళు బైర్లు కమ్మి కూర్చుండిపోయాడు.

పైనుంచి వస్తున్న కొలబద్ద ఆగాడు.

"ఏంటి బావా, మెట్టు మీద కాపరం పెట్టావు?"

"ఊపిరి తీసుకుంటున్నా."

"ఊపిరి కింద కూడా ఉంది. ముఖమేంటి అట్ట లేని పుస్తకంలా తెల్లగా పాలిపోయింది?"

"మీ అక్కకు చెప్పకు."

"నేనెందుకు చెబుతాను," అన్నాడు కొలబద్ద. సాయంత్రానికల్లా చెప్పాడు.

బంకయ్య భార్య అచ్చాఫీసులో ఇరవై ఏళ్ళు ఫారాలు మడత పెట్టిన మనిషి. ఇప్పుడు ఇంట్లో ఉంటున్నా ఆవిడ చేతికి ఏ కాగితం దొరికినా అంచుకు అంచు కలపకుండా వదలదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బల్ల మీద ఆయన పసుపు మాత్రల అట్ట, సంచిలోంచి తీసిన గులాబీ మాత్రల అట్ట పక్కపక్కన, అంచులు కలిపి పెట్టి ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉంది. కొలబద్ద తలుపు దగ్గర నిలబడి పైకప్పు చూస్తున్నాడు.

"ఇవి రెండూ మీరే మింగుతున్నారా?" అంది.

"రెండు వేరే వేరే మందులు."

"ఎవరు చెప్పారు?"

"పేరు చూడు. రంగు చూడు."

"పేరు నేను చూడను. మీకూ ఆ అలవాటు లేదు, ఈ వయసులో కొత్తగా ఎందుకు వచ్చిందో." ఆవిడ వేలు పెట్టి పసుపు అట్ట మీద పెద్ద పేరు కింద, గోటితో తడిమితే తప్ప ఆనని అచ్చును చూపించింది. "ఇది చదవండి."

ఆయన కూడబలుక్కున్నాడు. "డైక్లో... ఫెనాక్."

వేలు గులాబీ అట్ట మీదికి జరిగింది. "ఇది?"

బంకయ్య చదవలేదు. చదవక్కర్లేదు. అక్షరాలు ఒకదానిలాగే ఒకటి ఉన్నాయి.

"ఒకే ఫారం రెండుసార్లు కుట్టారు," అంది ఆవిడ. "పుస్తకంలో ఎవడైనా అలా చేస్తే వాడి తాతను కూడా వదలరు మీరు."

తలుపు దగ్గర కొలబద్ద గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఆ గులాబీవి నేనే..."

"తెలుసు. నీ సంగతి తర్వాత. నీకు తీరిగ్గా వడ్డిస్తాను." మళ్ళీ భర్త వైపు తిరిగింది. "కడుపులో ఏమన్నా ఇబ్బందిగా ఉందా? నిజం చెప్పండి."

బంకయ్య కిటికీ వైపు చూశాడు. చెబితే ఏమవుతుందో ఆయనకు వరసగా కనిపిస్తోంది. ఆస్పత్రికి తీసుకెళుతుంది. డాక్టరమ్మ మాత్రలు ఆపేస్తుంది. ఆపితే వేళ్ళు ముడుచుకుంటాయి. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులు. చట్రం పోతుంది. ముద్ర చేతిలో పెట్టుకుని, పుస్తకం వెన్ను వైపు చూడనైనా చూడని వాళ్ళకు తేదీలు వేస్తూ కూర్చోవాలి.

"మంట," అన్నాడు. కళ్ళు కిటికీ మీంచి తీయకుండానే, "నల్లగా పోతోంది. నాలుగు రోజులుగా," అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టింది. లేచి చెప్పులు వేసుకుంది.

"పద తమ్ముడూ, బండి తీయి. రెండు అట్టలూ జేబులో పెట్టుకో. చూపించాలి."

"పొద్దున వెళదాం," అన్నాడు బంకయ్య. "ఈ పూట డాక్టరమ్మ ఉండదు. పైగా నేను మందు ఆపితే ఆ కుర్చీ..."

"కుర్చీలో కూర్చోవాలన్నా మనిషంటూ ఉండాలి. లేవండి."

కొలబద్ద వచ్చి బావ చంకల కింద చేతులు వేసి లేపాడు. "నడుస్తావా, కట్ట ఎత్తినట్టు భుజాన వేసుకోనా? నా భుజం ఇప్పుడు బాగుంది. నా వాటా మందు కూడా నీకే ఇచ్చినట్టున్నాను కదా." నవ్వబోయాడు కానీ ముఖం మాట వినలేదు.

ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసి, ఉండాల్సిన దానిలో సగానికి కాస్త ఎక్కువ ఉందన్నారు. ఉంచేశారు. మర్నాడు గొంతులోంచి గొట్టం పంపి కడుపులో చూశారు. పుండు ఒకటి ఉంది, దానిలోంచి రక్తం మెల్లగా ఊరుతోంది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే మెల్లగా కాదు, ధారగా అయ్యేదన్నారు. ఆ మాట బయట వరండాలో చెప్పారు. కొలబద్ద గోడకు ఆనుకుని, అంత పొడవూ మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. అక్క అతని తల మీద చెయ్యి వేసింది. వడ్డిస్తానన్నది ఆ పూటకు మానేసింది.

డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి రెండు అట్టలూ చేతిలో పట్టుకుంది.

"తిన్నాక వేసుకోమని రాశాను. ఖాళీ కడుపుతో ఎందుకు వేసుకున్నారు?"

బంకయ్య చెప్పాడు. పొడి కాగితం, మొదటి పూత, ఆరడం, రెండో పూత. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి మొత్తం చెప్పాడు. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి విన్నది.

"చాలా కారణాలు విన్నాను కానీ ఇది వినలేదు," అంది. "మీ పద్ధతిలోనే చెబుతాను. కడుపు లోపల గోడలకు దేవుడు ముందే ఒక పూత పూశాడు. ఈ మందు కీళ్ళ వాపు తగ్గిస్తుంది, అదే సమయంలో ఆ పూతను పల్చన చేస్తుంది. ఒకటి వేసుకుంటేనే కాస్త పల్చన అవుతుంది. మీరు ఒకటి నాలుగు నెలలు వాడారు, పైగా మూడు వారాలు రెండోది కూడా వేశారు, అదీ అడ్డం ఏమీ లేకుండా."

"అయితే ఇది చెడ్డ మందేనా?"

"మంచి మందే. అందుకే చీటీ రాసి ఇస్తాం, లేకపోతే బెల్లం ముక్కల్లా పంచేవాళ్ళం కదా. తక్కువ మోతాదు, తక్కువ రోజులు, తిన్నాక. దానితోపాటు ఆ జాతిదే ఇంకోటి వేయకూడదు. రంగు మారినా, పేరు మారినా జాతి ఒకటే కావచ్చు, షాపులో అడగండి, సిగ్గుపడకండి. గుండె జబ్బు, కిడ్నీ, బీపీ, రక్తం పల్చన చేసే మాత్ర, ఇలాంటివేమన్నా ఉంటే ముందే చెప్పాలి. ఇంకొకరికి రాసింది మాత్రం" అని కొలబద్ద వైపు చూసింది, "ఎంత ప్రేమ ఉన్నా ఇవ్వకూడదు."

"చెంపలేసుకున్నా మేడమ్," అన్నాడు కొలబద్ద.

"ఇప్పుడు ఇవి రెండూ బంద్. పుండు మానడానికి వేరే మందు ఇస్తాను, అది మాత్రం పొద్దున్నే తినక ముందే వేసుకోవాలి. మీకు ఇష్టమైన పద్ధతే. వేళ్ళకు పూసుకునే జెల్లు, పొద్దున గోరువెచ్చటి నీళ్ళు, బొటనవేలికి పట్టీ. మరీ నొప్పిగా ఉంటే మామూలు పారాసిటమాల్, అదీ నేను రాసినంతే."

బంకయ్య తన చేతుల్ని దుప్పటి మీద పెట్టుకుని చూసుకున్నాడు. మాత్ర వేసుకోని మూడో రోజు అది. అప్పటికే సగం ముడుచుకుని ఉన్నాయి.

పదిహేను రోజుల తర్వాత పనిలోకి వచ్చాడు. నెలాఖరు ఎప్పుడో దాటిపోయింది. పంతొమ్మిది మెట్లు ఆగి ఆగి దిగి చూస్తే చట్రం కిటికీ కిందే ఉంది. దాని మీద ఎవరో గుడ్డ కప్పారు. శవానికి కప్పినట్టుందని అనుకున్నాడు. దుమ్ము పడకుండా కొలబద్ద కప్పాడని తర్వాత తెలిసింది.

చేతులు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకుని వచ్చినా పదిన్నర దాకా వేళ్ళు మాట వినలేదు. అప్పుడిక ఆలోచించడం మానేసి మేడమ్ గదికి వెళ్ళాడు. కొలబద్ద వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, అప్పుడు చేతులు బాగానే ఉన్నాయని అబద్ధం చెప్పాను," అన్నాడు బంకయ్య. "పొద్దున పూట నా వల్ల కాదు. పదకొండు దాటాక సూది పట్టగలను. దారం బిగించి లాగడం మాత్రం ఇక చేతకాదు."

చేతకాదు అన్న మాట ఆయన నోట రావడం ముప్ఫై నాలుగేళ్ళలో అదే మొదలు. అన్నాక నాలుక మీద ఏదో బరువు తీసేసినట్టయింది. అదీ ఆయనకు నచ్చలేదు.

మేడమ్ చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "ఆ కుర్చీ మీ కోసం ఉంచలేదండీ. మీరు ఆస్పత్రిలో ఉండగానే నడుం నొప్పి అటెండరుకు ఇచ్చేశాను. మీరెటూ తీసుకోరని తెలుసు. దానికి ఇంత చేసుకుంటారని తెలియదు."

మూడు వారాలు మాత్రలు మింగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నది, అవతల ఎవరూ పట్టుకుని లాగని దాని కోసం. బంకయ్యకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"అయితే పని సంగతి మాత్రం తేలాలి," అంది మేడమ్. "ఈ పాత పటాల పుస్తకాలు తొమ్మిది ఉన్నాయి. మిషన్ కుట్టుకు ఇవి నడుమ తెరుచుకోవు, పటం సగం మింగేస్తుంది. చేతికుట్టే కావాలి. ఒకటి కుట్టి చూపించండి. బాగుంటే కింద గది ఉంటుంది. దారం లాగేవాళ్ళెవరు?"

"నేనున్నాను," అన్నాడు తలుపు దగ్గరి మనిషి.

"వీడా," అన్నాడు బంకయ్య అలవాటు కొద్దీ. తర్వాత, "వీడే," అన్నాడు.

పదకొండు దాటాక మొదలుపెట్టారు. వెలుగు అప్పటికి కిటికీ దాటిపోయింది, కాబట్టి దీపం దగ్గరికి లాగారు. బంకయ్య ఎప్పటిలా చట్రం ముందు కూర్చున్నాడు. కొలబద్ద అవతల, ఫారం మడతలోకి చెయ్యి పెట్టి. ఈయన బయట నుంచి సూది పొడిస్తే అతను లోపల అందుకుని పక్క కన్నంలోంచి బయటికి పంపాలి. ఫారం చివరికి వచ్చాక దారం బిగలాగాలి. కొలబద్ద చేతులు అటువైపు నుంచి చట్రం మీదుగా ఇటు దాకా వచ్చేవి. అంత పొడవు మనిషి ఒక పనికి పుట్టాడని ఆ రోజే తెలిసింది.

"అలా కాదు. కాగితం కోసుకుపోతుంది. వెన్ను పొడుగునా లాగు, నీ వైపు కాదు."

"ఇలాగా?"

"ఇంకాస్త. చాలు. చాలన్నానా."

"బావా, చాలు అనేది లాగక ముందు చెప్పాలి."

"నువ్వు వినేది లాగాకే కదా."

మొదటి రోజు ఆరు ఫారాలు కుట్టి నాలుగు విప్పారు. ఆయన ఒక్కడే ఒకప్పుడు పొద్దుటి పూటకే ఇరవై కుట్టేవాడు. బాధ లేదని కాదు. సాయంత్రం వేళ్ళు నొప్పి పెడితే జెల్లు రాసుకుని, పట్టీ వేసుకుని, మాత్ర వేసుకోకుండా కూర్చున్నాడు. తిండి వేళకు తింటున్నాడు, ఎందుకంటే భార్య అన్నం డబ్బా మూత తీయించి కొలబద్దతో ఫోటో పంపించుకుంటోంది, ఖాళీ అయిందో లేదో చూడ్డానికి. మెట్లు ఎక్కడానికి ఇప్పుడు ఆగక్కర్లేదు. నొప్పి ఉంది, కానీ దాని తలకు మించిన మందుతో దాన్ని దాచి తిరగాల్సిన పని లేదు. అది నిమ్మళంగా ఉంది.

పదకొండో రోజుకు పటాల పుస్తకం అయిపోయింది. మేడమ్ వచ్చి బల్ల మీద పెట్టి నడిమికి తెరిచింది. చెయ్యి తీసేసింది. రెండు వైపులా పేజీలు బల్ల మీద పడుకున్నాయి, లేవలేదు. ఒక నది ఎడమ పేజీలో పుట్టి నడుమ మడతలో ఎక్కడా తెగకుండా కుడి పేజీలోకి వెళ్ళింది. ఆవిడ వేలితో ఆ నదిని చివరిదాకా తడిమింది.

"ఇంకా ఎనిమిది ఉన్నాయి," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆఫీసువాళ్ళు మెచ్చుకుంటే ఇలాగే ఉంటుంది.

కొలబద్ద రెండో పుస్తకం ఫారాలు తెచ్చి పేర్చాడు. తన చోటికి, చట్రం వెనక్కి వెళ్ళబోయాడు.

"అటు కాదు," అన్నాడు బంకయ్య. లేచి, స్టూలు కాస్త వెనక్కి జరిపాడు. "ఇటు వచ్చి కూర్చో. సూది నువ్వు పట్టు, నేను లోపల అందుకుంటా. దారం మాత్రం లేచి నువ్వే లాగు."

కొలబద్ద స్టూలు వైపు చూశాడు కానీ వెంటనే కూర్చోలేదు.

"తప్పు కుడితే?"

"విప్పిస్తా."

"మళ్ళీ తప్పు కుడితే?"

"మళ్ళీ విప్పిస్తా. కూర్చో ముందు, దీపానికి అడ్డం నిలబడ్డావు."